గుజ్జు నుంచి ముద్దకు: ఏడాది దాటిన బిడ్డ పళ్లెంలో ఏముండాలి?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలను పక్కపక్కన పెట్టి చూస్తే, రాసినవారు వేరైనా అందరి బెంగా ఒక్కటేనని తెలుస్తుంది. మొదటి పుట్టినరోజు దాటిన బిడ్డకు మెత్తగా రుబ్బిన ఆహారం మాన్పించి, ఇంట్లోవారు తినేది అలవాటు చేయడం ఎలా అన్నదే ఆ బెంగ. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు దాచి, ఈసారి ఈ ఒక్క విషయానికే చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకు ఏడాది నిండి పది రోజులైంది. ఆరో నెల నుంచి అన్నీ మిక్సీలో వేసి, గరుకన్నది తగలనంత మెత్తగా చేసి పెడుతున్నాను. అలా పెడితే గిన్నెడు తింటాడు. చిన్న ముక్క తగిలిందంటే మాత్రం నాలుకతో బయటికి నెట్టేస్తాడు, ఒక్కోసారి వాంతి వచ్చినట్లు ఓకరిస్తాడు. పైన రెండు, కింద రెండు పళ్లే ఉన్నాయి. దవడ పళ్లు వచ్చేదాకా ఆగమంటారా?

జవాబు: ఆగవద్దమ్మా. ముందు పళ్లు కొరకడానికే పనికివస్తాయి, నమలడానికి కాదు. నమిలే దవడ పళ్లు సాధారణంగా 13 నుంచి 19 నెలల మధ్య మొలుస్తాయి కనుక, వాటి కోసం ఎదురుచూస్తే మరో ఆరు నెలలు గుజ్జుతోనే గడిచిపోవచ్చు. అంతవరకూ ఆ పని చేసేవి చిగుళ్లే. చేయి శుభ్రంగా కడుక్కుని, మీ వేలిని బాబు దవడ వెనుక భాగంలో పెట్టి చూడండి. ఎంత గట్టిగా నొక్కగలడో మీకే తెలుస్తుంది. ఉడికిన బంగాళదుంప ముక్కను నలపడానికి ఆ బలం చాలు.

అసలు నమలడం చేసి చేసి నేర్చుకోవలసిన విద్య. గుజ్జును మింగాలంటే నాలుక ముందు నుంచి వెనక్కి కదిలితే సరిపోతుంది. ముక్కను తినాలంటే నాలుక దానిని పక్కకు తోసి చిగుళ్ల కిందికి చేర్చాలి, దవడ దానిని నలపాలి, నలిగినదంతా మళ్లీ నాలుక మధ్యకు వచ్చి ముద్ద కావాలి, అప్పుడు గొంతు దిగాలి. ఇన్ని పనులు ఒక వరుసలో జరగడానికి ఆ నోటికి సాధన కావాలి, సాధనకు నమలవలసిన వస్తువు నోట్లో పడాలి. ఎనిమిదో నెలకల్లా చాలామంది పిల్లలు చేత్తో పట్టుకుని తినగలరనీ, ఏడాదికల్లా ఇంటిల్లిపాదీ తినే రకాలనే తినగలరనీ, పలుకులున్న ఆహారాన్ని పదో నెల దాటాక మొదలుపెడితే తరువాత తిండి దగ్గర పేచీలు ఎక్కువ కావచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి రాయలేదు. ఎంతో శ్రద్ధగల తల్లులే ఈ ఆలస్యం చేస్తారని నా అనుభవం, ఎందుకంటే బిడ్డ గొంతులో ఏదైనా అడ్డుపడుతుందేమోనన్న భయం వారికే ఎక్కువ. మీరు ఈ రోజు మొదలుపెట్టినా మీ బాబు నేర్చుకుంటాడు.

అయితే రాత్రికి రాత్రి మార్చకండి. మొదటి వారం మిక్సీని పక్కన పెట్టి, అదే ఆహారాన్ని ఫోర్కుతోనో గరిటె వెనుక భాగంతోనో మెదపండి. నీరు తగ్గించండి, చెంచాను వంచినా జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అది అలవాటయ్యాక మెదపడం క్రమంగా తగ్గించి, చిన్న చిన్న పలుకులు మిగలనివ్వండి. ఇక్కడ చాలామంది తెలియక చేసే తప్పు ఒకటుంది. పలుచని సూపులో అక్కడక్కడ కూరగాయ ముక్కలు వేసి పెడతారు. నీరు ఒక వేగంతో గొంతులోకి జారుతుంది, ముక్క నోట్లోనే నిలుస్తుంది. ఆ రెండింటినీ ఒకేసారి సంబాళించడం కొత్తగా నేర్చుకునే నోటికి అన్నిటికన్నా కష్టం. మీ బాబు ఓకరించడానికి ఇదే కారణమై ఉండవచ్చు. ముక్క పెట్టదలిస్తే ముక్కగానే, విడిగా, అతని చేతికే ఇవ్వండి. తన చేత్తో తానే పెట్టుకున్నప్పుడు వచ్చేది ఏమిటో నోటికి ముందే తెలుస్తుంది. చెంచాతో పెట్టేటప్పుడు నాలుక నడిమధ్య కాకుండా బుగ్గ వైపు, చిగుళ్ల మీద పెడితే నమలడం దానంతట అదే మొదలవుతుంది.

ప్రశ్న: మేమిద్దరమూ ఉద్యోగాలకు వెళతాము. పాపకు పదమూడో నెల. తన కోసం వేరుగా వండే తీరిక ఉండదు. తేలికగా చేయగలిగినవి, బలాన్నిచ్చేవి కొన్ని చెప్పండి. ఎన్నిసార్లు, ఎంత పెట్టాలో కూడా రాయండి.

జవాబు: పాపకు వేరే వంట అక్కర్లేదు, వేరే గిన్నె ఉంటే చాలు. మీకు వండుకుంటున్న దానిలో ఉప్పు, కారం వేయకముందే ఆమె వంతు తీసి, అవసరమైతే మరి కాసేపు ఉడకనివ్వండి. ఏ ముక్కనైనా పెట్టే ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. తేలికగా నలిగితే పెట్టవచ్చు, నలగకపోతే ఇంకా ఉడకాలి. ఈ ఒక్క పరీక్ష గుర్తుంచుకుంటే ఏ వంటకం దగ్గరా సందేహం రాదు.

గుడ్డుతో మొదలుపెడతాను, దానికన్నా సులువైనది లేదు కనుక. పచ్చసొన పూర్తిగా గట్టిపడేదాకా ఉడికించి నిలువునా చీల్చి ఇవ్వండి. పచ్చసొన పొడిపొడిగా ఉండి గొంతు పట్టేస్తుంటే కాస్త పెరుగుతో కలపండి. పలుచని అట్టుగా వేసి వేలంత పొడవు పట్టీలుగా కోసినా పిల్లలు ఇష్టంగా పట్టుకుంటారు. బంగాళదుంప, చిలగడదుంప, క్యారెట్, బీట్‌రూట్, గుమ్మడి, కాలీఫ్లవర్ పువ్వులను ఆవిరి మీద మెత్తబడేదాకా ఉడికించి, రెండు రోజులకు సరిపడా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. వండినది రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. తిరిగి పెట్టేటప్పుడు పొగలు వచ్చేంత వేడి చేసి, చల్లార్చి పెట్టాలి. పాప ఎంగిలి చెంచా తగిలిన దానిని మాత్రం దాచవద్దు.

అరటిపండును అడ్డంగా చక్రాల్లా కోయకండి. తొక్క తీసిన ముక్క కొసన వేలితో మెల్లగా నొక్కితే అది దానంతట అదే నిలువుగా మూడు పాయలుగా విడిపోతుంది, ఆ పాయ చిన్న పిడికిలికి సరిగ్గా సరిపోతుంది. బొప్పాయి, బాగా పండిన మామిడి, అవకాడో వంటివి చేతిలోంచి జారిపోతుంటే ఓట్స్ పొడిలో దొర్లించి ఇవ్వండి. ఆపిల్‌ను పచ్చిగా ముక్కలు చేసి ఇవ్వకూడదు, ఆవిరి పట్టి మెత్తబరచాలి, లేదా సన్నగా తురమాలి. పప్పును చిక్కగా ఉడికించి అన్నంతో మెదిపి చిన్న ఉండలు చేస్తే పాప తానే తీసుకుని తింటుంది. పెరుగన్నమైనా అంతే. బీన్స్, శనగలు, బటానీలు బాగా ఉడికాక ఒక్కొక్కటీ వేలితో నొక్కి చదును చేసి పెట్టాలి. చేపను ముళ్లు తీసి, వేళ్లతో పొరలు విడదీస్తూ మరోసారి తడిమి చూడాలి. కోడిమాంసమైతే ఖీమాగా చేసి మెత్తగా ఉడికించడం మేలు, పీచుగా ఉండే ముక్కలు చిగుళ్లకు లొంగవు. తాజా మెత్తని బ్రెడ్డు నోట్లో జిగురు ముద్దలా అంటుకుంటుంది కనుక కొద్దిగా కాల్చి పట్టీలుగా కోయండి. దాని మీద వేరుశనగ వెన్నను పలుచగా, పైపైన రాసి పెట్టవచ్చు.

ఇవన్నీ ఒకే రోజు పెట్టాలని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ వయసు ఆహారాన్ని ఎనిమిది వర్గాలుగా చూస్తుంది: తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేప; గుడ్లు; ఎ విటమిన్ అధికంగా ఉన్న పండ్లు, కూరలు; ఇతర పండ్లు, కూరలు. రోజులో వీటిలో కనీసం ఐదు వర్గాలు నోట్లో పడితే ఆ రోజు బాగా గడిచినట్లే. పప్పన్నం, గుడ్డు, ఉడికించిన క్యారెట్, అరటిపండు, పెరుగు అనుకుంటే ఆరు వర్గాలు అయిపోయాయి చూడండి. ఇంత తేలిక విషయాన్ని బజారులో అమ్మే పిల్లల పొడుల డబ్బాలు ఏదో పెద్ద శాస్త్రంలా భయపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

రోజుకు మూడు నాలుగు భోజనాలు, మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, పెరుగో. ఒక్కో భోజనానికి 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పావు వంతు నుంచి నిండు కప్పు దాకా అన్నది ఒక అంచనా మాత్రమే. తల్లిపాలు తాగే బిడ్డకైనా ఈ వయసులో రోజుకు సుమారు 550 కిలోక్యాలరీలు ఇతర ఆహారం నుంచే రావాలి. కడుపు చిన్నది, అవసరం పెద్దది. అందుకే ముద్దలో ఒక చెంచా నెయ్యో, వెన్నో, నూనో కలపమంటాను. రెండేళ్లు నిండేదాకా వెన్న తీసిన పాలు ఇవ్వవద్దనేది కూడా అందుకే.

ప్రశ్న: నిన్న క్యారెట్ ముక్క తింటూ మా పాప ఒక్కసారిగా ఎర్రబడి, నాలుక బయటపెట్టి దగ్గింది. నా చేతులు వణికిపోయాయి. రెండేళ్లు వచ్చేదాకా మెత్తగానే పెట్టమని మా అమ్మ అంటోంది. తండ్రిగా నాకూ భయంగానే ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీరు చూసినది ఓకరింపు, ఊపిరి అడ్డుపడడం కాదు. ఓకరించే బిడ్డ చప్పుడు చేస్తుంది, దగ్గుతుంది, ముఖం ఎర్రబడుతుంది, ముక్కను తానే ముందుకు తోసేస్తుంది. అది శరీరం తనను తాను కాపాడుకునే తీరు. పసిపిల్లల్లో ఆ స్పందన నాలుక మీద పెద్దవారికన్నా ముందు భాగంలోనే మొదలవుతుంది, ముక్కలకు అలవాటు పడేకొద్దీ వెనక్కి జరుగుతుంది. అలాంటప్పుడు మీరు నోట్లో వేలు పెట్టకుండా, అరవకుండా, ఆమె కళ్లలోకి చూస్తూ పక్కనే ఉండండి. వేలు పెడితే బయటికి రాబోయే ముక్క లోపలికి పోతుంది.

నిజమైన ప్రమాదం నిశ్శబ్దంగా వస్తుంది. బిడ్డ ఏడవలేకపోతుంది, దగ్గలేకపోతుంది, పెదవులు నీలంగా మారుతాయి. ఏడాది దాటిన బిడ్డ అయితే వెంటనే మీ తొడ మీదుగా తల కిందికి ఉండేలా వంచి, రెండు భుజపుటెముకల మధ్య అరచేతి మడమతో గట్టిగా ఐదుసార్లు చరచండి. ముక్క రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి ఆనించి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి, పక్కనున్నవారు అత్యవసర సాయానికి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి అందించే ప్రథమ చికిత్సకు (సీపీఆర్) మారాలి. ఏడాది లోపు పిల్లలకు పొట్ట మీద నొక్కకూడదు, ఛాతీ మీద నొక్కాలి. చదివి తెలుసుకోవడం వేరు, చేతికి రావడం వేరు. ఎక్కడైనా ప్రథమ చికిత్స శిక్షణ దొరికితే మీరూ మీ అమ్మగారూ ఇద్దరూ ఒక పూట వెళ్లి నేర్చుకోండి. ఆ ఒక్క పూట మీ భయాన్ని సగానికి తగ్గిస్తుంది.

కొన్నింటిని మాత్రం ఇంకా కొన్నేళ్లు దూరంగా ఉంచాలి: గింజలు, వేరుశనగలు పలుకులుగా, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, చప్పరించే బిళ్లలు, పచ్చి క్యారెట్ ముక్కలు, చెంచా నిండా వేరుశనగ వెన్న. ద్రాక్ష, చిన్న టమాటాలు గుండ్రంగా, నున్నగా ఉండి శ్వాసనాళానికి మూత పెట్టినట్లు బిగుసుకుపోతాయి. వాటిని నిలువునా నాలుగు ముక్కలు చేయనిదే పెట్టకండి. సాసేజ్‌లను కూడా చక్రాలుగా కోయకూడదు. ఆకారం ప్రమాదం, మెత్తదనం రక్షణ. మీ అమ్మగారికి ఈ మాట ఇలాగే చెప్పండి, ఆవిడ భయం అర్థం లేనిది కాదు. తినేటప్పుడు పాప నిటారుగా కూర్చుని ఉండాలి, పక్కన పెద్దవారు ఒకరు కచ్చితంగా ఉండాలి. నడుస్తూ, పడుకుని, కారు సీటులో తినడం వద్దు.

ప్రశ్న: బాబుకు పద్నాలుగు నెలలు. రోజుకు ఐదారు సీసాల పాలు, అంటే దాదాపు లీటరు తాగుతాడు. అన్నం ముట్టడు. పాలు పూర్తి ఆహారమే కదా అని సరిపెట్టుకుంటున్నాము. సరేనా?

జవాబు: సరికాదు, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మీదే. మొదటి నెలల్లో పాలే సర్వస్వం, అది నిజం. ఏడాది దాటాక బిడ్డకు రోజుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, లీటరు ఆవుపాలలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలలోని కాల్షియం, ప్రోటీను ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు, నిండిన కడుపు ఆ ఇతర ఆహారాన్ని అడగనే అడగదు. బొద్దుగా, తెల్లగా కనిపిస్తూ తీవ్రమైన రక్తహీనతతో వచ్చే పిల్లలలో చాలామంది కథ ఇదే.

పాలను రోజుకు 500 మిల్లీలీటర్లకు మించనివ్వకండి, అందులో పెరుగు కూడా కొంత కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి. సీసా తీసేసి కప్పులో ఇస్తే సగం పని దానంతట అదే జరుగుతుంది, ఎందుకంటే కప్పుతో అంత పాలు తాగడం పిల్లలకు విసుగు. ముందు మధ్యాహ్నం సీసాను, తరువాత ఉదయానిదాన్ని, చివరికి రాత్రిదాన్ని మాన్పించండి. భోజనానికి ముందు గంటన్నర సేపు నీళ్లు తప్ప మరేమీ వద్దు. రెండు మూడు రోజులు గొడవ చేస్తాడు, ఆ తరువాత ఆకలి మీ పక్షాన నిలుస్తుంది. ఈలోగా పిల్లల వైద్యుణ్ణి కలిసి హిమోగ్లోబిన్ చూపించండి. తక్కువగా ఉంటే ఆహారంతోనే సరిదిద్దుకుందామని ఆగవద్దు, ఇనుము చుక్కలు అవసరమవుతాయి.

ప్రశ్న: నేను అమ్మమ్మను. మనవరాలికి పదిహేనో నెల. ఎనిమిది నెలలప్పుడు చక్కగా తినేది, ఇప్పుడు నాలుగు ముద్దలకే తల తిప్పుకుంటుంది. ఫోన్‌లో పాటలు పెట్టి, ఇల్లంతా తిప్పుతూ తినిపిస్తున్నాను. ఏదైనా జబ్బా తల్లీ?

జవాబు: జబ్బు కాదమ్మా. పుట్టినప్పటి బరువు ఏడాదికి మూడింతలవుతుంది, రెండో ఏట మాత్రం బిడ్డ పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గాలి కదా. ఒక పూట నాలుగు ముద్దలు తిన్న బిడ్డ మరో పూట లొట్టలేసుకుని తింటుంది, వారం మొత్తం మీద లెక్క సరిపోతుంది. బరువు, పొడుగు పెరుగుదల పట్టికలో తన గీత వెంటే పెరుగుతుంటే, ఆటపాటల్లో హుషారుగా ఉంటే నిశ్చింతగా ఉండండి.

అమెరికాకు చెందిన పిల్లల వైద్యురాలు క్లారా డేవిస్ పాలు మాన్పించిన పదిహేను మంది పసివాళ్లకు ముప్పై నాలుగు రకాల సాదా ఆహారాలను అందుబాటులో ఉంచి, ఎవరూ బతిమాలకుండా వారికి నచ్చినంత తిననిచ్చి, ఫలితాలను 1939లో వివరంగా ప్రకటించారు. ఒక్కో బిడ్డ ఒక్కో తీరున, ఒక్కో పూట వింత వింతగా తిన్నా అందరూ ఆరోగ్యంగానే పెరిగారు. అయితే ఆ పళ్లేలలో పంచదార గానీ మిఠాయి గానీ లేవు, కిటుకంతా అక్కడే ఉందని ఆమే అన్నారు. ఏది, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలో ఉంచుకుని, ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేద్దాం.

ఫోన్ చూస్తూ తినే బిడ్డకు ఏం తింటున్నదీ, కడుపు ఎప్పుడు నిండినదీ తెలియదు. మీరు తినేటప్పుడే మీ పక్కన కూర్చోబెట్టి, అరచేయంత పళ్లెంలో రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా పెట్టి, ఇరవై నిమిషాల తరువాత మారు మాట లేకుండా తీసేయండి. ఒలకబోస్తుంది, పిసుకుతుంది, జుట్టుకు పూసుకుంటుంది, కింద ఒక పాత గుడ్డ పరచండి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి పది, పదిహేను సార్లు కూడా పట్టవచ్చు కనుక, ఉమ్మేసిన గుమ్మడి ముక్కను నాలుగు రోజులాగి మళ్లీ పెట్టండి. తల తిప్పుకున్నాక పెట్టిన ముద్దలే పోరుకు కారణమవుతాయి.

ప్రశ్న: ఏడాది నిండింది కదా, ఇక ఉప్పు, పంచదార, తేనె, పండ్లరసం ఇవ్వవచ్చా?

జవాబు: ఏడాది లోపు తేనె వద్దనడానికి కారణం దానిలో ఉండగల, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే క్రిమి బీజాలు. ఏడాది దాటాక ఆ ముప్పు తొలగుతుంది కానీ అదీ తీపే. కలిపిన తీపి ఏదైనా రెండేళ్ల దాకా వద్దు. ఉప్పు ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రోజు మొత్తం మీద 2 గ్రాములు దాటకూడదు, అది అర చెంచా కన్నా తక్కువ; బ్రెడ్డు, చీజ్, బిస్కెట్ల ద్వారా అందులో చాలా భాగం మనకు తెలియకుండానే చేరిపోతుంది. పండ్లరసం రోజుకు 120 మిల్లీలీటర్లు దాటవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో చెప్పింది. నన్నడిగితే అదీ అక్కర్లేదు, పండు ఇవ్వండి, దాహానికి నీళ్లు ఇవ్వండి.

ప్రశ్న: మేము మాంసం, చేప, గుడ్డు తినము. బాబుకు లోటు వస్తుందా? వేరుశనగ పడదేమోనని కూడా భయంగా ఉంది.

జవాబు: పప్పులు, బీన్స్, ఆకుకూరలలోని ఇనుము మాంసంలోని దానంత తేలికగా ఒంటికి పట్టదు. అదే భోజనంలో సి విటమిన్ ఉన్న నారింజ, టమాటా, జామ వంటిది ఏదో ఒకటి చేరిస్తే బాగా పడుతుంది, టీ ఇస్తే పట్టదు. ఈ వయసుకు టీ ఎలాగూ తగదు. బి12 విటమిన్ మాత్రం మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు రోజూ తీసుకుంటే కొంత అందుతుంది. అవి కూడా తీసుకోని ఇళ్లలో, లేదా పాలిచ్చే తల్లికే బి12 లోటు ఉన్నచోట, చుక్కల మందు గురించి వైద్యుణ్ణి తప్పక అడగాలి.

వేరుశనగను ఆలస్యంగా మొదలుపెట్టమన్న పాత సలహా తారుమారైంది. 2015లో వెలువడిన లీప్ పరిశోధనలో, ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు మొదటి ఏడాదిలోనే వేరుశనగ పెట్టడం మొదలుపెడితే ఐదేళ్ల వయసులో ఆ ఎలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. మీ బాబుకు తీవ్రమైన చర్మపు దద్దుర్లు గానీ, ఇతర ఆహార ఎలర్జీ గానీ ఉంటే ముందుగా వైద్యుణ్ణి అడగండి. లేకపోతే ఒక పగటిపూట, బాబు ఒంట్లో బాగున్న రోజున, పావు చెంచా వేరుశనగ వెన్నను పెరుగులో బాగా కలిపి పెట్టి, రెండు గంటలు కనిపెట్టి ఉండండి. పెదవులు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు, ఆగని వాంతులు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏమీ కాకపోతే వారానికి రెండు మూడుసార్లు పెడుతూనే ఉండండి.